పాషాణపు కుళ్లాయి

"దొంగ దొరికాడు. ఇంక దొంగసొత్తు దొరకడమే తరువాయి" అన్నాడు ఇన్‌స్పెక్టర్ రెమీ గ్రవెల్, పగిలిన అద్దాల పెట్టె ముందు నిలబడి.

సార్జెంట్ ఒడెట్ పనాడిస్ అతన్ని ఎగాదిగా చూసింది. ఆమె ఆ ఊరి పోలీసు. అతను పట్నం నుంచి దిగిన ప్రాంతీయ పోలీసు. అబెనాకి ఆదివాసుల ఊళ్లో, అబెనాకి మ్యూజియంలో దొంగతనం జరిగితే మొదటి ఫోను తనకి రావాలి. అతనికి వెళ్లింది. ఆమె వచ్చేసరికే అతను రెండు కాఫీలు తాగి, ఒక ముసలాయన్ని గదిలో కూర్చోబెట్టి గడియ వేసి, కేసు సగం మూసేశాడు.

పెట్టెలో చెక్కతో చేసిన పసిపిల్ల తల ఒకటి బోడిగా మిగిలింది. నిన్నటిదాకా దాని మీద ఒక కుళ్లాయి ఉండేది. ముదురు నీలం ఉన్ని గుడ్డ, నెత్తి మీద కొస తేలిన కుట్టు, అంచు పొడుగునా తెల్లపూసల తీగలు, గడ్డం కింద ముడి వెయ్యడానికి ఎర్ర పట్టు నాడాలు. వందేళ్లకి పైగా బోస్టన్ దగ్గర ఒక ధనవంతుడి మేడలో ఉండి, పోయిన ఏడే ఊరికి తిరిగొచ్చింది.

"మీ కాపలాదారు ఉర్బెన్ వాట్సో" అన్నాడు గ్రవెల్. "వీధి తలుపు తాళం ఆయన దగ్గరుంది. అలారం అంకెలు ఆయనకి తెలుసు. నిన్న సాయంత్రం డైరెక్టరమ్మ ఇంటికి వెళ్లిన కాసేపటికి అలారం ఆగింది. ఓ పావుగంట తర్వాత మళ్లీ పనిచేసింది. తలుపు మీద గీత కూడా పడలేదు. కంచే చేను మేసింది, సార్జెంట్ గారూ. ఇంకేం కావాలి?"

"పెట్టె తాళం ఆయన దగ్గర లేదు కదా."

"అందుకేగా పగలగొట్టాడు!"

"మరి ఇది వదిలేశాడేం?" ఒడెట్ వేలు చూపించింది. చెక్క తల పక్కనే, అదే నల్లగుడ్డ మీద, అరచెయ్యంత వెండి పతకం మెరుస్తోంది. "బజార్లో కుళ్లాయి కంటే దీనికే ఎక్కువ పలుకుతుంది. చెయ్యి కాస్త పక్కకి జరిపితే చాలు. ఏ దొంగ వదులుతాడు?"

"కొనేవాడు కుళ్లాయే అడిగుంటాడు. ఇలాంటివాటికి పెద్ద పెద్ద గిరాకీలుంటారు. మధ్యాహ్నానికి వ్యాను వస్తుంది. మీ ముసలాయన్ని పట్నం తీసుకెళ్లి కూర్చోబెడితే అన్నీ ఆయనే చెప్తాడు."

ఒడెట్‌కి ఒళ్లు మండింది. తన తండ్రి సరస్సు మీద మంచు విరిగి, మునిగి చనిపోయిన ఏడాది, చలికాలమంతా వాళ్ల గుమ్మానికి చేపల సంచి తగిలించి చప్పుడు చెయ్యకుండా వెళ్లిపోయిన మనిషి ఉర్బెన్. అలాంటివాడు దొంగ అంటే ఆమె నమ్మదు. నమ్మకపోవడం సాక్ష్యం కాదని కూడా ఆమెకి తెలుసు. వ్యాను వచ్చేలోగా అసలు దొంగని చూపించాలి.

గుమ్మంలో డైరెక్టర్ సొలాంజ్ హానిస్ నిలబడి ఉంది. చేతులకి తెల్ల గ్లోవ్స్. మొహం ఆ గ్లోవ్స్ కంటే తెల్లగా ఉంది.

"ఎవరూ ఒట్టి చేతుల్తో ముట్టుకోలేదు కదా?" అని అడిగింది. ఒడెట్ వచ్చాక ఆ ప్రశ్న వెయ్యడం అది మూడోసారి.

ఒడెట్ ఆమెని భుజం పట్టుకుని వెనక సామాన్ల గదిలోకి నడిపించింది. గది నిండా ఏష్ అనే చెట్టు చెక్క బద్దీలతో అల్లిన బుట్టలు, పైన సువాసన గడ్డి జడలు. ఇద్దరూ చిన్నప్పుడు ఒకే బెంచీ మీద చదువుకున్నవాళ్లు. మొహమాటాలు అక్కర్లేదు.

"ఏమే సొలాంజ్, నా మొహం చూసి మాట్లాడు."

"ఏం మాట్లాడను?"

"పోయిన వస్తువు దొరుకుతుందా అని ఒక్కసారి అడగలేదు. ముట్టుకున్నారా అని మూడుసార్లు అడిగావు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుంది నీ వాలకం. తాళం నీ దగ్గరే ఉంది. అద్దం నువ్వే పగలగొట్టుకుని ఇంకోళ్ల మీద తోసేస్తున్నావా?"

"నీకు మతిపోయిందా?"

"పోయింది. ఉర్బెన్ పెదనాన్నని గదిలో పెట్టి గడియ వేస్తే నాకు మతి ఎందుకుంటుంది? చెప్పు."

 సొలాంజ్ వెనక్కి చూసి, తలుపు వేసి ఉందో లేదో చూసుకుని, గొంతు తగ్గించింది.

"దానికి పాషాణం పట్టి ఉందే."

"దేనికి?"

"కుళ్లాయికి. ఆ రోజుల్లో ఉన్నికి పురుగు పట్టకుండా పాషాణం చల్లి దాచేవాళ్లు, ఆ పాతవస్తువులు పోగేసే దొరలు. లోపలి అతుకుల్లో, నాడాల కుట్లలో ఇంకా పొడి ఉంది. వసంతకాలంలో పరీక్ష చేయించాను. చేత్తో తాకి శుభ్రంగా కడుక్కుంటే పెద్ద గండం లేదన్నారు. కడుక్కోకుండా తిండి తిన్నా, నోట్లోకి పోయినా..." 

ఒడెట్ ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది. అయితే ఆ కుళ్లాయి ఇప్పుడెవడి దగ్గరుందో వాడి ప్రాణం వాడి చేతివేళ్ల మీదే ఉంది. వాడికా సంగతి తెలీదు.

"ఈ మాట ఎవరికి చెప్పావు?"

"ఎవరికీ చెప్పలేదు."

"ఉర్బెన్ పెదనాన్నకి? రోజూ ఆ గదిలో తిరిగేవాడికి?"

"గ్లోవ్స్ లేకుండా ముట్టుకోవద్దన్నాను. ఎందుకంటే... చేతి జిడ్డుకి పూసలు మాసిపోతాయన్నాను."

"అబద్ధం చెప్పావన్నమాట."

సొలాంజ్ కళ్లనిండా నీళ్లు తిరిగాయి. కోపం కూడా వచ్చింది. "నువ్వయితే ఏం చెప్పేదానివి? మన పాతవస్తువులు ఇంటికి పంపమని మా అమ్మ చచ్చేదాకా ఆ బోస్టన్ వాళ్ల కాళ్లా వేళ్లా పడింది. చివరికి పంపారు. వచ్చిన రోజు మన ముసలమ్మలు అద్దానికి చెంపలు ఆనించి ఏడ్చారు. నువ్వూ ఉన్నావుగా అక్కడ! వాళ్ల దగ్గరికెళ్లి ఏమనాలి? మీ అమ్మమ్మల బట్టలు తిరిగిచ్చారు గానీ విషం పూసి ఇచ్చారు, ముట్టుకుంటే ఛస్తారు అనాలా? అద్దం ఉందిగా, తాళం ఉందిగా అనుకున్నాను."

ఒడెట్‌కి తిట్టాలనిపించింది. జాలి కూడా వేసింది. రెండిటికీ అది సమయం కాదు.

"ఇన్‌స్పెక్టర్‌కి తెలుసా?"

"పొద్దున్నే చెప్పాను. ఇంకెవరికీ చెప్పొద్దన్నాడు. ముఖ్యంగా నీకు."

ఒడెట్ తలుపు తోసుకుని హాల్లోకి వచ్చింది. గ్రవెల్ నిమ్మకు నీరెత్తినట్టు గోడమీది వలలూ ఈటెలూ చూస్తున్నాడు.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే ఏం చేస్తారు?"

"చర్చిలో చెప్పిస్తాను. రేడియోలో చెప్పిస్తాను. ఇంటింటికీ తిరిగి తలుపు కొడతాను."

"అదీ సంగతి. అందుకే చెప్పలేదు." అతను తాపీగా ఆమె వైపు తిరిగాడు. "ఈ మాట బయటికి పొక్కిందంటే కుళ్లాయి తెల్లారేసరికి నదిలో ఉంటుంది. సాక్ష్యం గంగపాలు. చుట్టుపక్కల ఆస్పత్రులన్నిటికీ కబురు పెట్టాను. వాంతులతోనో కడుపునొప్పితోనో ఈ వైపు నుంచి ఎవడొచ్చినా నాకు ఫోను వస్తుంది. కొన్నవాడో, అమ్మినవాడో, మధ్యవాడో. తన కాళ్లతో తనే నడిచొస్తాడు."

"నడవగలిగితే వస్తాడు. లేకపోతే?"

"దొంగతనం చేసేటప్పుడు ఆలోచించాల్సింది."

"వాడింట్లో పెళ్లాం పిల్లలుంటే? ఆ చేత్తోనే రొట్టె తుంచి పెడితే?"

"మీకెందుకంత బాధ? ఓహో, ఈ ఊళ్లో అందరూ మీ చుట్టాలే కదూ. అందుకే ఈ కేసు మీకివ్వలేదు." అతని గొంతులో నవ్వు పోయింది. "ఒక్క మాట బయటికి వచ్చిందంటే మీ బ్యాడ్జి మీ దగ్గరుండదు. ఇది సలహా కాదు, ఆర్డరు."

ఒడెట్ అతన్ని చూసింది. వాదించి లాభం లేదు. ఆర్డరు మీరడానికి ముందు ఎవరికి చెప్పాలో తెలియాలి. ఊరంతా డప్పు కొడితే సగం మందికి అందుతుంది, అందాల్సినవాడికి అందకపోవచ్చు. ఆమె గ్లోవ్స్ తొడుక్కుని పెట్టె ముందు మోకాళ్ల మీద కూర్చుంది.

గాజు బయటి వైపుకీ లోపలి వైపుకీ పడింది. బుట్టల బద్దీల కోసం చెక్క దుంగని మోదే సుత్తి పక్కనే ఉంది, దాని తలకి తువ్వాలు చుట్టి ఉంది. చప్పుడు కాకుండా కొట్టారు. అంతవరకూ దొంగ పనే. కానీ నేలమీది గాజునంతా ఎవరో గోడవారకి ఊడ్చేశారు. పెంకు ఒక్కటి మిగలకుండా, శ్రద్ధగా.

ఏ దొంగ వెళ్తూ వెళ్తూ ఇల్లు ఊడుస్తాడు? ఇవాళ ఆదివారం, పిల్లలు చర్చి అయ్యాక ఈ హాల్లోకే పరిగెత్తుకొస్తారు. సగంమంది జోళ్లు గుమ్మంలో విప్పేస్తారు. ఆ సంగతి తెలిసినవాడు ఊడ్చాడు.

ఆమె మూల ఉన్న చీపురు వైపు చూడదలచుకోలేదు. అయినా చూసింది. కర్ర కిందకీ కుచ్చు పైకీ పెట్టి నిలబెట్టి ఉంది. కుచ్చు నేలకానితే చీపురు వంకరపోతుందని ఊరందరినీ సతాయించే మనిషి ఒక్కడే ఉన్నాడు.

'అది ఆయన రోజూ వాడే చీపురే కదా' అని తనకి తనే సర్దిచెప్పుకుంది.

పెట్టె ముందు, బెత్తెడు వెడల్పున చెక్క అంచు ఒకటి ఉంది. దాన్ని ఎవరూ ఊడవలేదు. గాజు ముక్కలు అలాగే పడున్నాయి. చిన్న పట్టకారుతో ఒక్కొక్కటే ఎత్తి పక్కన పెట్టింది. పెద్ద ముక్క ఎత్తగానే కింద గోధుమరంగు పొడి కనిపించింది. చిటికెడు. కుప్పగా.

గ్రవెల్ ఆమె భుజం మీంచి వంగాడు. "పొగాకు! చెప్పానా? మీ ముసలాయన పైపు తాగుతాడు. జేబులోంచి రాలింది."

"రాలితే చెదురుతుంది. గాజు మీద పడుతుంది. ఇది గాజు కింద ఉంది." ఒడెట్ గొంతు తనకే కొత్తగా వినిపించింది. "ముందు ఇది పెట్టి, తర్వాత అద్దం కొట్టారు."

"అయితే ఏమిటంట?"

ఏమిటో ఆ ఊళ్లో ఐదేళ్ల పిల్లనడిగినా చెప్తుంది. సువాసన గడ్డి కోసేముందు, చెట్టు కొట్టేముందు, పెద్దవాళ్ల వస్తువు చేతిలోకి తీసుకునేముందు చిటికెడు పొగాకు పెట్టి అడగాలి. తీసుకున్నాక పెడితే అది అడగడం కాదు. కాబట్టి బయటివాడు కాదు. వాళ్లలో వాడే. పైగా, అమ్ముకోడానికి పోయేవాడు దాన్ని కుట్టిన ముత్తవ్వ దగ్గర అనుమతి తీసుకోడు. ఏ మొహం పెట్టుకుని తీసుకుంటాడు?

అమ్మడానికి కాకపోతే ఇంక దేనికి? ఆ వస్తువు దేనికి పుట్టిందో దానికే.

ఒడెట్ చెక్క తల వైపు చూసింది. పసిపిల్ల తల. 

లేచి నిలబడింది. "మీరన్నదే నిజం, ఇన్‌స్పెక్టర్. ఉర్బెన్ వాట్సోయే తీశాడు."

గ్రవెల్‌కి ఆ గెలుపు ఎలా పుచ్చుకోవాలో తోచలేదు. "ఏమిటీ?"

"గడియ తియ్యండి. ఆయనతో మాట్లాడాలి. ఇప్పుడే!"

ఉర్బెన్ వాట్సో ఆఫీసు గదిలో కుర్చీ అంచున కూర్చుని ఉన్నాడు. నల్లసూటు, మెరుగుపెట్టిన బూట్లు, గుండె మీద తెల్ల రిబ్బను. కిటికీ వైపే చూస్తున్నాడు.

"చూశారా ముస్తాబు?" అన్నాడు గ్రవెల్ గుమ్మంలో అడ్డంగా నిలబడి. "ఎక్కడికో పారిపోడానికి తయారై వచ్చాడు. పొద్దుట్నుంచీ తేలు కుట్టిన దొంగలా ఉలకడు, పలకడు."

ఒడెట్ కుర్చీ లాక్కుని ఆయన మోకాళ్లకి తన మోకాళ్లు తగిలేంత దగ్గరగా కూర్చుంది.

"క్వాయి, పెదనాన్నా" అని తమ భాషలో పలకరించింది.

"క్వాయి, అమ్మాయ్."

"నిన్న పొగాకు పెట్టి అడిగావు కదా. ఆవిడ ఏమంది?"

ముసలాయన కళ్లు చిన్నగా మెరిశాయి. పొద్దుట్నుంచీ పోలీసులు అడిగిన ప్రశ్నలన్నిటిలోకీ ఆయనకి అర్థమున్న ప్రశ్న అదొక్కటే.

"ఒప్పుకుంది" అన్నాడు.

గుమ్మంలో గ్రవెల్ కదిలాడు. ఒడెట్ వెనక్కి చూడకుండానే చెయ్యెత్తి ఆపింది.

"ఎవరావిడ, పెదనాన్నా?"

"మా ముత్తవ్వ. అది కుట్టిన చెయ్యి ఆవిడది. మా ఇంటి ఆడపిల్లలందరికీ బాప్తిస్మం దాంతోనే జరిగేది. ఒక కరువు చలికాలంలో ఎవడో పెద్దమనిషి వచ్చి పిండి సంచి ఇచ్చి పట్టుకుపోయాడు. మా అవ్వ చెప్పుకుని ఏడుస్తుండేది. అద్దాల పెట్టెలో చూడగానే గుర్తుపట్టాను." ఆయన గొంతు సవరించుకున్నాడు. "ఒక్క పూటకి తాళం తియ్యమని సొలాంజ్‌ని అడిగానమ్మా. కుదరదంది. ఎందుకే అంటే చేతి జిడ్డంటుంది. పసిపిల్ల నెత్తికి జిడ్డేవిటే, నీ మొహం! దొంగతనం నాకూ ఇష్టం లేదు. రేపు తెచ్చి పెట్టేసేవాణ్ణి. అద్దం కూడా వేయించేవాణ్ణి."

"ఇప్పుడెక్కడుంది?"

ఆయన పెదాలు బిగించాడు. "అది మాత్రం చెప్పను."

"పెదనాన్నా..."

"చెబితే మీరు పరిగెత్తుకెళ్లి లాక్కుంటారు. ఒకసారి లాక్కున్నారు, చాలు. బాప్తిస్మం నీళ్లు పోయడం కానీ. తర్వాత జైల్లో పెట్టుకోండి. నేనేమన్నా అనుకుంటే అడుగు."

ఒడెట్ రిబ్బను వైపు చూసింది. బాప్తిస్మం రోజు బిడ్డ తరఫువాళ్లు పెట్టుకునే రిబ్బను. పట్నంలో కోర్టు పని మీద వారం తిరిగి నిన్ననే వచ్చింది తను. ఈ ఆదివారం ఎవరింట్లో బాప్తిస్మమో అడగనైనా లేదు.

"సార్జెంట్" అన్నాడు గ్రవెల్, మాట నొక్కి. "ఆ విషయం ఎత్తొద్దు. చెబితే తనవాళ్లకి సైగ చేసి మాయం చేయిస్తాడు."

ఒడెట్ చొక్కాకున్న బ్యాడ్జి ఊడదీసి బల్ల మీద పెట్టింది. పెట్టి, ముసలాయన రెండు చేతులూ పట్టుకుంది.

"పెదనాన్నా, దానికి విషం ఉంది. పట్టుకుపోయినవాళ్లు పురుగు పట్టకుండా పాషాణం చల్లారు. అది ఇంకా అందులోనే ఉంది. జిడ్డు మాట అబద్ధం. గ్లోవ్స్ కుళ్లాయి కోసం కాదు, మన కోసం."

ఉర్బెన్ ఆమెని చూశాడు. తన చేతులు చూసుకున్నాడు. మళ్లీ ఆమెని చూశాడు. ఆయనకి అర్థమవుతున్న కొద్దీ మొహంలో ఒక్కో గీతా వదులైపోయింది.

"నిజమే చెప్తున్నావా? నన్ను భయపెట్టడానికి కాదు కదా?"

"మా నాన్న మీద ఒట్టు."

ఆయన లేచాడు. కుర్చీ వెనక్కి పడింది.

"పాప తల మీద ఉంది. మా మనవరాలు అనయీస్ కూతురు. నిన్న సాయంత్రం పెట్టి చూశాం, సరిగ్గా సరిపోయింది. తియ్యబోతే గుక్కపట్టి ఏడ్చింది. ఉంచెయ్యవే, ముత్తవ్వ వదలట్లేదు అని నేనే అన్నాను. నేనే అన్నానే! రాత్రంతా..." ఆయన అరచేతులు కోటుకి తుడుచుకున్నాడు. "రాత్రంతా ఆ నాడా చప్పరిస్తూనే ఉంది."

ఒడెట్ అప్పటికే గుమ్మం దగ్గరుంది. గ్రవెల్ చెయ్యి అడ్డం పెట్టాడు. అలవాటుగా పెట్టాడంతే. "వ్యాను వచ్చేదాకా ఎవరూ..."

"ఆరు నెలల పిల్ల, ఇన్‌స్పెక్టర్! ఆస్పత్రికి తన కాళ్లతో తనే నడిచి వస్తుందని కూర్చున్నారా?"

అతని చెయ్యి కిందకి జారింది. ఇంతసేపూ అతను వలపన్నిన దొంగకి ఒక ఆకారం లేదు. ఇప్పుడు వచ్చింది. అతను ఫోను తీసి అంబులెన్సు కోసం అరవడం మొదలుపెట్టాడు. మొదటిసారి నంబరు తప్పు నొక్కాడు.

చర్చి మ్యూజియం ఎదురుగానే. ఒడెట్ పచ్చిగడ్డి మీద అడ్డంగా పరిగెత్తింది. వెనకాల ముసలాయన బూట్లు, వాటి వెనక సొలాంజ్ ఏడుపు. పరిగెడుతూనే అనయీస్‌కి ఫోను చేసింది. మోగి మోగి ఆగిపోయింది. ప్రార్థన జరుగుతుంటే ఆ ఊళ్లో ఎవరూ ఫోను ఎత్తరు.

ఒడెట్ భుజంతో తలుపు తోసింది. బెంచీలన్నీ నిండుగా ఉన్నాయి. ముందు, నీళ్ల తొట్టి దగ్గర, అనయీస్ బిడ్డని చేతుల మీద పడుకోబెట్టి వంచింది. నీలం కుళ్లాయి వెనక్కి జారి మెడ దగ్గర వేలాడుతోంది. ఎర్ర నాడా కొస ఇంకా పాప పెదాల మధ్యే ఉంది. ఫాదర్ చేతిలో నీళ్లు ముంచి పోసే ఆల్చిప్ప.

"ఆపండి!" అంది ఒడెట్. పరుగుకి ఊపిరాడక ఆ మాట తలుపు దాటి ముందుకి పోలేదు.

ఫాదర్ చన్నీళ్లు పాప నెత్తి మీద పోశాడు. ఒకసారి. ఇంకోసారి. మూడోసారి.

ముందు బెంచీలో ఒక ముసలమ్మ పక్కావిడ వైపు వంగి మురిపెంగా నవ్వింది.

"ఎంత బుద్ధిమంతురాలమ్మా! కిక్కురుమనలేదు చూడు."